సీట్లో కూచున్న సంచి

మా గద్వాలలో, మా వీధి జనం లెక్కలో, కర్నూలు దాటినవాడు పరదేశం పోయినట్టే. అందుకే 1994 ఫాల్గుణంలో బట్టల దుకాణం వాళ్లు పెట్టిన లక్కీ డ్రాలో మొదటి బహుమతి, "విదేశీ యాత్ర", నాకు వచ్చిందని మైకులో చెప్పగానే వీధంతా మతిపోయినట్టు మాట్లాడింది. సగం మంది నేను విమానం ఎక్కుతానన్నారు. మిగతా సగం నన్ను అరబ్బు దేశంలో అమ్మేస్తారన్నారు. తీరా చూస్తే రెండూ కాదు. బస్సులో నేపాల్. పద్దెనిమిది రోజులు, దారిలో కాశీ, గయ, వంటవాళ్లూ గిన్నెలూ బస్సులోనే.

ఆ కూపను నా చేతికెలా వచ్చిందో చెప్పుకోవడం కూడా సిగ్గే. నాయినా నేనూ ఒకే మగ్గం మీద చీరలు నేస్తాం. మా గద్వాల చీరకు ఒక్క మనిషి చాలడు. అటు అంచుకు ఆయన, ఇటు అంచుకు నేను పోగు చుట్టిన నాడె వేస్తేనే చీర సాగుతుంది. నా చేతిమీదుగా పోయిన చీరలు బొంబాయి చూశాయి, దుబాయి చూశాయి. నేను మాత్రం ఇరవై ఒక్క ఏళ్లలో దక్షిణాన కర్నూలు, పడమట రాయచూరు చూశాను, అంతే. అలాంటి నేను జాతరకు కట్టుకుందామని తొంభై రూపాయల పాలిస్టరు చీర కొన్నాను, దాంతో కూపను ఇచ్చారు. నేసేవాళ్ల పిల్ల పాలిస్టరు కొంటుందా అని నాలుగు రోజులు తిట్టిన అమ్మ, డ్రా అయ్యాక అదే చీరకు పసుపుబొట్టు పెట్టింది.

సంబరం వారం రోజులే. ఎనిమిదో రోజున గోపాలయ్య పెద్దనాయిన దగ్గరి నుంచి ఉత్తరం వచ్చింది.

గోపాలయ్య మా నాయినకు సొంత అన్న. నాగర్‌కర్నూలులో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. మగ్గం గుంటలోంచి లేచి ఖాకీ చొక్కా తొడుక్కున్న నాటి నుంచి ఆయనకు తెలియని సంగతి లేదు. పంచాంగమైనా పశువుల రోగమైనా అడిగితే చెబుతాడు, అడక్కపోతే ఇంకాస్త ఎక్కువ చెబుతాడు. ఉత్తరంలో ఆఫీసు భాష దంచాడు. "ఆడపిల్ల ఒంటరిగా పరదేశము పోవుట శాస్త్రవిరుద్ధము. కావున సదరు సీటులో నేను పోవుదును. చిరంజీవి జములమ్మ నాగర్‌కర్నూలు వరకు బస్సులో వచ్చి, అచ్చట దిగి, నేను తిరిగి వచ్చు పర్యంతము మీ వదినకు ఇంటిపనిలో సాయముగా ఉండవలెను."

నేను ఏడ్చాను, అరిచాను, ఒక పూట నాడె ముట్టుకోలేదు. నాయిన కురుమూర్తి చెడ్డవాడేం కాదు, అన్న పేరు చెబితే మాత్రం ఆయనకు నడుము వంగిపోతుంది.

"అన్న మాట నేనెట్ల కాదంట బిడ్డా?" అన్నాడు. "నాగర్‌కర్నూల్ దాక పోయిరా. గదే నీకు ఫారిన్ అనుకో."

నాగర్‌కర్నూలు ఫారిన్! ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. ఆ నిమిషానే గట్టిగా అనుకున్నాను, ఆ ఊళ్లో నేను దిగేది లేదని. ఎలా దిగకుండా ఉండాలో మాత్రం నాకు తెలియదు.

దిగడం సంగతి తర్వాత, ముందు కూచోవడమే గగనమైంది. బస్సు బయల్దేరే రోజు పెద్దనాయిన జాతకానికి పనికిరాదట. ఆయనకు మంచి ఘడియ మూడు రోజుల ముందే, శుక్రవారం ఉంది. అలాంటప్పుడు పెద్దలు ప్రస్థానం పెడతారు. మనిషి ఆ రోజు కదల్లేకపోతే, ఆ ఘడియకు అతని సంచిని ఇల్లు దాటించి ఇంకొకరి ఇంట్లో ఉంచుతారు. సంచి కదిలింది కాబట్టి మనిషి కదిలినట్టే లెక్క. మామూలు మనుషులైతే పక్కింట్లో పెడతారు. మా పెద్దనాయిన మామూలు మనిషా? బస్సు గద్వాల నుంచి మొదలవుతుంది కాబట్టి సంచి కూడా గద్వాల నుంచే రావాలని, నాగర్‌కర్నూలులో బస్సు కండక్టరుకు అప్పజెప్పి మా ఇంటికి పంపాడు. నల్ల రెగ్జిన్ సంచి. జిప్పు పాడైతే పురికొసతో కుట్టించాడు. మూడు రోజులు అది మా మగ్గం పక్కన పీట మీద కూచుంది. అమ్మ దానికి అగరొత్తులు కూడా వెలిగించింది.

నాలుగో రోజు పొద్దున బస్సొచ్చింది. ముందర గుడ్డ మీద "విదేశీ టూర్, డీలక్స్ వీడియో కోచ్" అని రాశారు. డీలక్స్ ఎక్కడుందో నేను వెతకలేదు. వీడియో మాత్రం చూశాను. డ్రైవరు వెనకాల టీవీ డబ్బా ఉంది, దాని కడుపులో ఏమీ లేదు, యాత్ర నడిపే బాలకిష్టయ్య సారు అందులో కొబ్బరికాయలు దాచుకున్నాడు. టాపు మీద కట్టెల మోపులు, వంట డేగిసాలు, పది బియ్యం బస్తాలు. పట్టక మిగిలిన రెండు బస్తాలు నడవలో వేశారు. బడి పంతులుగా రిటైరైన ఆ సారు, చేతిలో కర్ర లేకపోయినా ఉన్నట్టే నిలబడి పేర్లు చదివాడు.

నాది పద్నాలుగో నంబరు, కిటికీ పక్కన. నేను సంచిని కాళ్ల దగ్గర పెట్టుకుని కూచోబోయాను.

"ఆగాగు," అన్నాడు బాలకిష్టయ్య సారు. "గోపాలయ్యగారు ఉత్తరం రాసిండ్రు. ప్రస్థానం సంచి కాళ్ల కాడ పెట్టొద్దు."

"అయితే ఒళ్లె పెట్టుకుంట సారూ."

"ఇంగో మనిషి ఒళ్లె పెడితే ప్రయాణం గా మనిషిది అయితదంట. సీట్లనే ఉండాలె. ఖాళీగున్నవి వనపర్తోళ్ల సీట్లు. నువ్వు జర గా బియ్యం బస్త మీద సదురుకో. ఎట్లయిన నాగర్‌కర్నూల్ల దిగేదానివే గద."

అలా విదేశానికి బయల్దేరాను. నా సీట్లో మా పెద్దనాయిన సంచి, నడవలో బస్తా మీద నేను.

నాకు పేరిచ్చిన జములమ్మ తల్లి గుడి దగ్గర మొదటి కొబ్బరికాయ కొట్టారు. ఊరి బయట రెండోది. బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గర మూడోది కొట్టి, అందరూ దిగి, స్నానాలు చేసి, తలలు ఆరబెట్టుకుని, తెచ్చుకున్న సద్ది తిని మళ్లీ ఎక్కేసరికి పదకొండయింది. ముప్పై కిలోమీటర్లు కూడా రాలేదు. అప్పుడే ఒక ముసలాయన పక్కవాణ్ని అడుగుతున్నాడు, నేపాల్ వచ్చిందా అని. ఆ పక్కవాడు "ఇంగ లేదు, కృష్ణ దాటాలె" అన్నాడు. కృష్ణ వంతెన మీద అందరూ కిటికీల్లోంచి చిల్లర విసిరి దండాలు పెట్టారు. ఎన్నోసార్లు చూసిన నదే అయినా, పరదేశం పోతూ చూస్తే ఎలా ఉంటుందోనని నాకు ఆశ. నడవలో నుంచి నాకు కనిపించినవి మనుషుల వీపులు. నదిని సంచి చూసింది.

డ్రైవరు నబీ సాబ్ అద్దంలో నన్ను చూసి అడిగాడు, "నీ సీటు ఏడ పోయింది బిడ్డా?"

"మా పెద్దనాయిన సంచి కూసుంది సాబ్."

ఆయన ఒక మైలు దూరం నవ్వాడు. "ఇరవై ఏండ్ల సంది బండి నడుపుతున్న. పెండ్లోళ్లను ఎక్కించిన, పీనుగను ఎక్కించిన, మేకలను గూడ ఎక్కించిన. సంచికి సీటిచ్చుడు ఈ దినమే చూస్తున్న. నీకు నోరు లేదా?"

"ఉంది సాబ్. వినేటోడే లేడు."

"గట్లయితే వినేటి మాట చెప్పాలె," అని ఆయన గేరు మార్చాడు.

సలహా ఇవ్వడం అందరికీ సులువే. వినే మాట ఏదో చెప్పమంటే ఆయనా చెప్పేవాడు కాదు. పెబ్బేరు దాకా నా మనసులో ఎన్నో మాటలు అల్లుకున్నాను. కూపను నా పేరు మీద ఉందని చెబుదామా? అందరికీ తెలిసిందే. ఏడుద్దామా? ఇంట్లో ఏడిస్తే ఏమైంది కనక? దిగనని మొండికేస్తే పెద్దనాయిన రెక్క పట్టి దించుతాడు, ఈ బస్సు జనం మంచి పని చేశావని ఆయనకే దండం పెడతారు.

వనపర్తిలో పన్నెండు మంది ఎక్కారు. వాళ్లు ఎక్కకముందే వాళ్ల తువ్వాళ్లు కిటికీల్లోంచి ఎక్కాయి. మా జిల్లాలో సీటు పట్టడమంటే అదే, నంబర్లు రాసిన టికెట్టు జేబులో ఉన్నా సరే తువ్వాలు పడాల్సిందే. ఖాళీగా ఉన్న వాటి మీదా పడ్డాయి, మనుషుల నెత్తి మీదా పడ్డాయి. పార్వతమ్మ అనే అవ్వ విసిరిన తుండుగుడ్డ నేరుగా పెద్దనాయిన సంచి మీద పడింది. ఆ అవ్వ నాలుగుసార్లు కాశీ పోయొచ్చిందట, ఆ సంగతి బస్సెక్కిన పావుగంటలో అందరికీ రెండేసిసార్లు చెప్పింది.

"ఎవల్దీ సంచి? తియ్యుండ్రి," అంది.

"అవ్వా, అది ప్రస్థానం సంచి," అన్నాడు బాలకిష్టయ్య సారు.

అవ్వ వెంటనే తుండుగుడ్డ లాగేసుకుని లెంపలేసుకుంది. కొంగుముడి విప్పి సంచికి కుంకుమ పెట్టి, దాని పక్క సీట్లో కూచుంది. అది చూసి ఇంకో ఇద్దరు పెట్టారు. ఒకామె దండం కూడా పెట్టుకుంది. లోపల పెద్దనాయిన లుంగీలూ పళ్లపొడీ ఉన్నాయని చెబుదామనుకుని ఊరుకున్నాను. నేను పొద్దుటి నుంచి బస్తా మీద కూచున్నాను, ఒక్కరైనా జరిగి చోటిచ్చారా? బియ్యపు గింజలు గోనెలోంచి గుచ్చుకుంటున్నాయి. దారి పక్కన చెట్టు కింద బస్సాపి అందరూ మధ్యాహ్నం సద్ది విప్పారు. నేను సద్దరొట్టె మూట ఆ పూట విప్పనే లేదు. సంచి మాత్రం కుంకుమ బొట్లతో పెళ్లికొడుకులా ఉంది.

ఎంత తిట్టుకున్నా నాగర్‌కర్నూలు రాక మానలేదు. నాలుగున్నరకు బస్సు అడ్డరోడ్డు దగ్గర ఆగింది.

పెద్దనాయినను దూరం నుంచే గుర్తుపట్టాను. ఆ ఎండలో ఉన్ని స్వెట్టరూ కోతిటోపీ వేసుకున్న మనిషి ఇంకెవరుంటారు? మెడలో బంతిపూల దండ. ఆఫీసు వాళ్లు ఆరుగురు సాగనంపడానికి వచ్చారు, వాళ్లకు హిమాలయాల్లో చలి ఎన్ని రకాలో చెబుతున్నాడు. ముఖమంతా చెమట కారుతోంది. బస్సెక్కి అందరికీ ఒక నమస్కారం పెట్టి, సంచి నెత్తిన కుంకుమ చూసి సంతోషించి, దాన్ని పక్కకు జరిపి నా సీట్లో కూచున్నాడు.

"ఇంగ దిగు జములూ," అన్నాడు. "మీ పెద్దమ్మ ఒక్కతే ఉంది. మూడు బస్తల మిరపకాయలకు తొడిమెలు తియ్యాలె."

పద్దెనిమిది రోజుల నేపాలుకు మారుగా మూడు బస్తాల మిరపకాయలు. నేను లేచి తలుపు దాకా వెళ్లాను. కాళ్లు ఫుట్‌బోర్డు మీద ఆగిపోయాయి. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది, ఆ కోపానికి ఎటు పోవాలో తెలియలేదు.

అప్పుడు పార్వతమ్మ అవ్వ మర్యాదకు అడిగింది, "అయ్యా, ప్రస్థానం ఏ ఊర్ల పెట్టినవు?"

"ఈ ఊర్లనే అవ్వా. శుక్రారం రోజు, మా ఇంటికెంచి గద్వాలకు తోలిన," అన్నాడు పెద్దనాయిన గర్వంగా.

నా నోట్లోంచి మాట నన్నడక్కుండానే వచ్చింది. "అవ్వా, ఊరు దాటిన ప్రస్థానం సంచి మళ్ల గదే ఊరికి వస్తే, ఇంగ గా ప్రయాణం ముగిసినట్టే గద?"

ఒట్టేసి చెబుతున్నాను, ఆ మాట నాకు ఏ పంతులూ చెప్పలేదు. నేను ఏ పంచాంగంలోనూ చదవలేదు. అంతకు ముందు నిమిషం దాకా అలాంటి శాస్త్రం లోకంలో ఉందో లేదో కూడా నాకు తెలియదు.

అవ్వ తెల్వదు అంటే సరిపోయేది. కానీ నాలుగుసార్లు కాశీ పోయిన మనిషి తెల్వదని ఎలా అంటుంది? "అవ్ మల్ల!" అంది. "ముగిసినట్టే. పోయిన సంచి వాపస్ ఊరికొచ్చింది గద!"

"ముగిసిన ప్రయాణం మీద మల్ల బయలెల్లితే ఎట్ల?" అన్నాడు వెనక సీటాయన. "బస్సుకే ఏమన్న అయితే?"

"మేం దిగిపోతం సారూ," అంది సంచికి దండం పెట్టినామె. ఆమె వెనక నలుగురు లేచారు.

బాలకిష్టయ్య సారు పరేషాన్ అయిపోయాడు. పెద్దనాయిన చెయ్యి పట్టుకున్నాడు. "గోపాలయ్యగారూ, శాస్త్రం మీకు తెలిసినంత మాకు తెల్వదు. మీరే చెప్పుండ్రి. గట్ల ఉందా, లేదా?"

కిటికీల దగ్గర నిలబడిన ఆఫీసు వాళ్లు ఆరుగురూ తలలెత్తి ఆయన వైపు చూశారు. పదేళ్లుగా వాళ్ల పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ ముహూర్తాలు చెప్పినవాడు ఆయనే. ఒక్క మాట చాలు, లేదని. కానీ అలా అంటే, అవ్వకు తెలిసిన శాస్త్రం తనకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. పెద్దనాయిన కోతిటోపీ తీశాడు. జుట్టు తడిసి నెత్తికి అతుక్కుపోయి ఉంది.

"ఉంది," అన్నాడు మెల్లగా. ఎవరూ ఏమీ అనకపోయేసరికి, అంతటితో ఆగితే తన పెద్దరికం తక్కువవుతుందనుకున్నాడో ఏమో, "తొమ్మిది దినాలు ఊరి పొలిమేర గూడ దాటొద్దు అని ఉంది," అని చేర్చాడు.

బస్సంతా తలూపింది. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి పెదవి కొరుక్కున్నాను. నాయిన ముందు నేను వారం రోజులు అరిచిన నిజం ఒక్కటీ పనికిరాలేదు. నోటికొచ్చిన అబద్ధం ఒక్కటి ఆడితే నలభై మంది నా వెనక నిలబడ్డారు. ఈ జనాన్ని ఏమనాలి?

"మరి సీటూ?" అన్నాడు సారు.

"కూపను పిల్ల పేరు మీదనే ఉంది గద, పిల్లనే పోనియ్యుండ్రి," అన్నాడు పెద్దనాయిన, తనే దానమిస్తున్నట్టు చెయ్యి ఊపి.

"ఒక్క ఆడపిల్లకు జిమ్మెదారి ఎవలు?"

"నేనుంట," అంది పార్వతమ్మ అవ్వ. "శాస్త్రం తెలిసిన పిల్ల. నా పక్కన కూసోనియ్యి."

పెద్దనాయిన సంచి తీసుకుని దిగాడు. నేను పద్నాలుగో నంబరులో కూచున్నాను. సీటు చిరిగి ఉంది, లోపలి పీచు కాళ్లకు గుచ్చుకుంది, నాకు పట్టుపరుపు మీద కూచున్నట్టుంది. కిటికీ కింద పెద్దనాయిన స్వెట్టరుతో, దండతో, సంచితో నిలబడ్డాడు. ఆఫీసు వాళ్లు అప్పుడే సైకిళ్లు తీస్తున్నారు. ఆయన దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"గా మాట నీకు ఏ పంతులు చెప్పిండే?"

"పోయిన దసరాకు నువ్వే చెప్పినవ్ గద పెద్దనాయినా."

ఆయన కాసేపు ఆలోచించాడు. తర్వాత తలూపి, "ఆఁ, అవ్, చెప్పిన," అన్నాడు.

నవ్వాపుకోవడం కష్టమవుతుందనుకున్నాను. నవ్వు రాలేదు. ఆయన నాలుగడుగులు ముందుకేసి బస్సు ముందరి గుడ్డ మీద అక్షరాలను కింది నుంచి పైకి చూస్తున్నాడు, కాట్మండు దాని మీదే ఉన్నట్టు. యాభై ఐదేళ్లొచ్చినా ఆఫీసుకూ ఇంటికీ మధ్యే సైకిలు తొక్కుతున్న మనిషి. నాకెంత ఆశ ఉందో ఆయనకూ అంతే ఉందని అప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపించింది. పాపం అనిపించింది, నిజంగానే అనిపించింది. అయినా నేను దిగలేదు. నబీ సాబ్ హారన్ కొట్టాడు, బస్సు కదిలింది, పెద్దనాయిన చెయ్యెత్తేలోపే ధూళి లేచింది.

ఊరు దాటాక పార్వతమ్మ అవ్వ నా మోకాలు మీద చెయ్యేసింది. నలుగురు సీట్ల మీంచి వంగి వినడానికి సిద్ధంగా ఉన్నారు.

"బిడ్డా, నువ్వు తెలిసిన పిల్లవు, గందుకు అడుగుతున్న. గంగల మునిగినంక తడిచీర ఏ దిక్కుకు ఆరెయ్యాలె? ఒక్కొక్కలు ఒక్కొక్క తీరు చెప్తరు."

తెల్వదు అవ్వా అనొచ్చు. సీటు నాదైపోయింది, ఇక అబద్ధంతో పని లేదు. కానీ అంతమంది నా నోటి వైపు చూస్తున్నారు, అలా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఉత్తరం దిక్కు," అన్నాను. ఎవరూ కాదనకపోయేసరికి, "అంచు పైకి ఉండాలె," అని కూడా చేర్చాను.